బాపట్లలో దిగిపోయిన నాన్న

వాన పట్టిన మర్నాడు హార్మోనియం గొంతు మారిపోతుంది. మొన్న పొద్దున పిల్లలకు పాఠం చెబుదామని కూర్చుని తిత్తి ఊదగానే, ఏ మెట్టూ నొక్కకుండానే లోపల ఎక్కడో ఒక రీడు సన్నగా మూలిగింది. పై పలక తీశాను. చెమ్మ పట్టిన తోలు, పాత టేకు, కర్పూరం కలిసిన వాసన గుప్పుమంది. పురుగు పట్టకుండా పెట్టెలో కర్పూరం బిళ్ల వేసి ఉంచే అలవాటు మా నాన్నది. "ఏంటి టీచర్, పాడైపోయిందా?" అని ఓ పిల్ల అడిగింది. "లేదమ్మా, చెమ్మ తగిలింది. కాసేపు ఎండలో పెడితే సర్దుకుంటుంది" అన్నాను. కానీ ఆ రోజు నాకు పాఠం చెప్పబుద్ధి కాలేదు. పిల్లల్ని పంపించేసి, తెరిచిన పెట్టె ముందే కూర్చుండిపోయాను.

మా నాన్న పేరు దానియేలు. తెనాలి చుట్టుపక్కల నాటకాలు చూసేవాళ్లందరికీ ఆయన హార్మోనియం దానియేలు మాస్టారు. పుట్టింది రేపల్లెలో. మా తాతగారు అక్కడి లూథరన్ గుడిలో కాళ్లతో తొక్కే ఆర్గాన్ వాయించేవారు. నాన్నకు కాళ్లు అందని వయసులో తాతగారు కింద తొక్కుతుంటే, ఆయన ఒళ్లో కూర్చుని నాన్న మెట్లు నొక్కేవాడట. అలా కీర్తనలతో మొదలైనవాడు, పెళ్లయ్యి తెనాలికి కాపురం వచ్చాక పౌరాణిక నాటకాల్లో పడ్డాడు. ఆదివారం పొద్దున గుడి, వారంలో మిగతా రోజులు నాటకాల పందిళ్లు. సంఘపెద్దల్లో కొందరికి ఇది మింగుడు పడేది కాదు. "దేవుడి పాటలు వాయించే వేళ్లతో ఆ రాజుల పద్యాలేంటి దానియేలూ?" అని ఒకాయన గుడి మెట్ల మీదే నిలదీస్తే, నాన్న తన చేతులు రెండూ చూసుకుని, "ఏమోనండి, రెండిటికీ సరిపోతున్నాయండి" అన్నాడు. అడిగినాయన కూడా నవ్వేశాడు. మిషన్ బడిలో టీచరుగా పనిచేసే మా అమ్మ మాత్రం ఇంటికొచ్చాక, "మీ నోటికి ఆదివారమన్నా సెలవు ఇవ్వకూడదా?" అంది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు, అరవైల్లో, నాన్న నన్ను బాపట్లలో ఒక నాటకానికి తీసుకెళ్లాడు. వేదిక పక్కన ఆయన మోకాలికి ఆనుకుని కూర్చున్నాను. రాజు వేషం వేసినాయన పేరున్న నటుడు. మంచి పద్యం ఎత్తుకున్నాడు, రాగం తీస్తూ పైకి వెళ్లాడు, అక్కడ గొంతు జీరబోయింది. దగ్గాడు. జనంలో ఒకటి రెండు చోట్ల ఈల వినిపించింది. ఆయన నాన్న వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అంత పెద్ద కిరీటం కింద అంత బెదిరిన కళ్లు! నాన్న తొణకలేదు. యుద్ధానికి బయల్దేరే ముందు వాయించే ముక్కేదో అక్కడే అల్లి, వాయిస్తూ వాయిస్తూ శ్రుతిని కిందికి దించేసి ఆగాడు. నటుడు ఆ శ్రుతిలో పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి పై రాగం హాయిగా అందింది. జనం వన్స్ మోర్ అన్నారు. ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. తిరిగి వస్తూ నేను, "ఆయన తప్పు పాడితే నువ్వెందుకు మార్చావు నాన్నా?" అని అడిగాను.

"ఆయన గొంతు అక్కడికి దిగిపోయిందమ్మా. మనిషి ఎక్కడుంటే శ్రుతి అక్కడికి వెళ్లాలి. నేనిక్కడే కూర్చుంటాను, నువ్వే రా అంటే పాపం ఎక్కణ్నించి వస్తాడు?"

నాన్న మాకు సంగీతం నేర్పిన తీరు కూడా ఇలాగే ఉండేది. మాకు అంటే నాకూ, నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైన శామ్యూల్ అన్నయ్యకూ. అన్నయ్య వయొలిన్ వాయించేవాడు. సాయంత్రం ప్రార్థన అయ్యాక నాన్న ఏదో ఒక మాట ఇచ్చి వరస కట్టమనేవాడు. పద్యమూ కీర్తనా కాదు, ఇంట్లో వినబడ్డ మాటే. 'పులుసులో ఉప్పు తక్కువైంది' అన్న మాటను ఒకసారి కోపంగా, ఒకసారి దిగులుగా, ఒకసారి కొత్త పెళ్లికూతుర్ని ఆట పట్టిస్తున్నట్టుగా కట్టాం. వంటింట్లోంచి అమ్మ, "తక్కువైతే వేసుకోండి, ఊరంతా వినేట్టు పాడకండి" అని అరిచింది. వరసలు కట్టాక, ఎవరిది బాగుందో నాన్న చెప్పేవాడు కాదు. నాది అన్నయ్య పాడాలి, అన్నయ్యది నేను పాడాలి. "మన వరస మన గొంతులో ఎప్పుడూ ముద్దుగానే ఉంటుంది. పక్కవాడి గొంతులో కూడా నిలబడితేనే అది వరస" అనేవాడు. ఆ రోజుల్లో ఆడపిల్లకు సంగీతం నేర్పేవాళ్లు చాలామందే ఉన్నారు. పాడమనేవాళ్లు. వరస కట్టమన్నవాళ్లను నేను మా నాన్నను తప్ప ఎవరినీ ఎరగను.

డెబ్బైల మొదట్లో సినిమా మా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. రైస్ మిల్లు ఉన్న వెంకట్రామయ్యగారు నాటకాల పిచ్చి మనిషి. ఆయన మద్రాసులో ఒక చిన్న సినిమా తీయబూనుకుని, సంగీతం మా నాన్న చేతిలో పెట్టారు. "మీ హార్మోనియం వింటూ పెరిగినవాణ్ని మాస్టారూ. ఇంకెవరి దగ్గరికి వెళ్తాను?" అన్నారు. ఆ మాటకు నాన్న కళ్లు తుడుచుకోవడం చూశాను. పాతికేళ్లుగా ఇతరుల గొంతులకు శ్రుతి ఇచ్చిన మనిషి ఆయన. మొదటిసారి ఆయన పేరు మీద పాటలు రాబోతున్నాయి.

నాన్న ఆ పని ఒక్కడే చేసుకోవచ్చు. కానీ ప్రతి పాట సందర్భాన్నీ మా ఇద్దరికీ చెప్పి, ముగ్గురం విడివిడిగా కడదాం అన్నాడు. ఆ ఎండాకాలమంతా మా ఇల్లు మూడు గదుల్లో మూడు రకాలుగా మోగింది. అన్నయ్య రేడియోలో విన్న కొత్త పోకడలన్నీ వయొలిన్ మీద ప్రయత్నించేవాడు. నేను ఎక్కువగా పని చేసుకుంటూ కట్టేదాన్ని. నాట్ల పాటకు వరస దొరికింది నేను బావి దగ్గర బట్టలు పిండుతున్నప్పుడు. డైరెక్టరు తెనాలి వచ్చిన రోజున నాన్న అన్ని వరసలూ తానే వాయించి, తానే పాడి వినిపించాడు. ఏది ఎవరిదో చెప్పలేదు. డైరెక్టరు కళ్లు మూసుకుని విని, నచ్చినప్పుడు చెయ్యెత్తేవాడు. యుగళగీతానికి అన్నయ్య వరస. నాట్ల పాటకు నాది. పండగ పాటకు అన్నయ్యది. జోలపాటకు నాది. చివరగా ఒక ముసలి పడవవాడు రేవులో కూర్చుని పాడుకునే పాట. దానికి నాన్న వరసకు చెయ్యి లేచింది. అన్నయ్యా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. నాన్న మాత్రం డైరెక్టరుతో, "మీకు మంచి చెవి ఉందండి. పడవ పాట ఒక్కటే నాది, మిగతావన్నీ మా పిల్లలవి" అన్నాడు. వెంకట్రామయ్యగారు ఆశ్చర్యపోయారు. "నాట్ల పాట అమ్మాయి కట్టిందా! ఏంటమ్మా, నిజమేనా?" అని రెండుసార్లు అడిగారు.

మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకెళ్లి మద్రాసులో రికార్డింగులు నాన్నే జరిపించాడు. తనది కాని వరసలకు అంత మనసు పెట్టి పనిచేసిన మనిషిని తర్వాత ఇన్నేళ్లలో నేను చూడలేదు. నా జోలపాటలో ఫ్లూటు ఎక్కడ ఆగాలో అని వాద్యగాళ్లతో ఎంతసేపు బతిమలాడాడో! చివరగా పడవ పాట రికార్డు చేశారు. రేపల్లె గుడి ఆర్గాన్లోని నిదానం, నాటక పద్యంలోని ఆవేదన రెండూ కలిసిన పాట అది. పాడినాయన బయటికొచ్చి నాన్నకు దణ్ణం పెట్టాడు.

బయల్దేరే రోజు పొద్దున, సినిమా కొనుక్కోవడానికి వచ్చిన పంపిణీదారు పాటలన్నీ విన్నాడు. మా నాలుగు పాటలకూ తల ఊపాడు. పడవ పాట సగంలో ఉండగానే, "ఇది నాటకం పాటండి, జనం సిగరెట్టుకి లేచిపోతారు. తీసెయ్యండి" అన్నాడు. వెంకట్రామయ్యగారు తల దించుకున్నారు. సినిమా అమ్ముడుపోవాలి కదా. నాన్న, "సినిమాకి ఏది మంచిదైతే అది చెయ్యండి" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అన్నయ్య ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

రైల్లో ముగ్గురం కూర్చున్నాం. ఒంగోలులో ఇడ్లీలు కొనిపెట్టాడు. చీరాలలో నీళ్లు పట్టుకొచ్చాడు. ఏమీ జరగనట్టే ఉన్నాడు. స్టూవర్టుపురం దాటాక లేచి పైనున్న సంచి తీసుకున్నాడు. బాపట్లలో బండి ఆగగానే, "మీరు ఇంటికి వెళ్లండి. అమ్మతో ఇక్కడ పనుందని చెప్పండి" అని దిగిపోయాడు. మేము తేరుకునేలోపే బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద, మా వైపు చూడకుండా నడిచి వెళుతున్న నాన్న వీపు కిటికీలోంచి కనబడింది. తెనాలిలో దిగాక అన్నయ్య, "నాన్న వరసలు కొట్టుకుపోయేట్టు మనం కట్టకుండా ఉండాల్సింది" అన్నాడు. అదేం మాటో అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఇంట్లో విషయం విని అమ్మ కంగారు పడలేదు. "దిగింది బాపట్లలోనేగా. కాస్త ఊపిరి తీసుకోనివ్వండి" అంది. కానీ వారం గడిచేసరికి ఆమె కూడా వీధివైపు చూడసాగింది. చివరికి నన్ను వెళ్లి రమ్మంది. "శామ్యూల్ వెళ్తే ఇద్దరూ మాట్లాడుకోరు. నువ్వెళ్లు" అంది.

నాన్న బాపట్లలో తన పాత నాటకాల స్నేహితుడి ఇంట్లో ఉన్నాడు. నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. నన్ను చూసి సంతోషించాడు, ఎందుకొచ్చావని అడగలేదు. సాయంత్రం బస్సెక్కి సూర్యలంక సముద్రం దగ్గరికి వెళ్లాం. జాలర్లు వలలు మడతపెడుతున్నారు. ఇసుకలో కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను, "మా మీద కోపమొచ్చిందా నాన్నా?" అన్నాను.

"మీ మీదెందుకమ్మా?"

"మరి బాధా?"

"లేదని చెప్తే అబద్ధమవుతుంది. మీ వరసలు నావాటికంటే బాగున్నాయి. నాకు తెలుసు, వాయించినవాణ్ని కదా. తండ్రిగా నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. హార్మోనిస్టుగా మాత్రం ఏడుపొచ్చింది. రెండూ నిజమే. రెండిటినీ ఒక గుండెలో సర్దుకోవాలంటే కాస్త టైము పట్టదా? ఇంట్లో మీ ముందు సర్దుకోబోతే, మీరు మీ పాటలకు సిగ్గుపడతారు. అది నాకిష్టం లేదు. అందుకే దిగిపోయాను."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. కాసేపయ్యాక, "పడవ పాట బాగుందా అమ్మా? నిజం చెప్పు" అన్నాడు. "చాలా బాగుంది. కానీ చివరి చరణం కాస్త పొడుగు" అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. "అదీ! ఆ మాట వెంకట్రామయ్యగారు చెప్పుంటే నేనే కత్తిరించేవాణ్ని. పద, పొద్దున బండికి వెళ్లిపోదాం. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది" అన్నాడు.

తెనాలి రాగానే నాన్న ఇంటికి కూడా రాకుండా నేరుగా మిల్లుకు వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. టైటిల్స్‌లో సంగీతం కింద పిల్లల పేర్లు వెయ్యమన్నాడు. "మీ పేరు లేకుండానా? నా ముఖం ఎక్కడ పెట్టుకోను మాస్టారూ?" అని వెంకట్రామయ్యగారు నొచ్చుకున్నారు. "నా వరస ఒక్కటీ లేనిచోట నా పేరెందుకండీ? నేనేమీ అలిగి చెప్పడం లేదు. అలక బాపట్లలోనే తీరిపోయింది" అన్నాడు నాన్న. సంగతి తెలిసి ఇంట్లో అన్నయ్య భీష్మించుకున్నాడు. నాన్న పేరు లేకపోతే తన పేరూ వద్దన్నాడు. "ఒరేయ్, నీ పేరుంటే కింద మీ నాన్న పేరు లేదని ఎవడు అనుకుంటాడ్రా? నువ్వెవరి కొడుకువో అందరికీ తెలుసుగా" అని నాన్న నవ్వేశాడు. ఆ రోజు అన్నయ్య ఆయన్ను వాటేసుకున్నాడు. పెద్దయ్యాక అన్నయ్య అలా చెయ్యడం అదే మొదలు.

సినిమా గొప్పగా ఆడలేదు. రేపల్లె హాల్లో మా చుట్టాలందరితో కలిసి చూశాం. తెర మీద 'సంగీతం: శామ్యూల్ - కరుణ' అని పడగానే మా నాయనమ్మ, "దానియేలు ఏడిరా? దానియేలు పేరేది?" అని గట్టిగా అడిగింది. నాన్న ఆమె చెవి దగ్గర, "నేనిక్కడే ఉన్నాను కదమ్మా, నీ పక్కన" అన్నాడు.

సినిమా వెళ్లిపోయింది కానీ నాట్ల పాట ఉండిపోయింది. ఆ మరుసటేడు వానాకాలంలో నాన్నా నేనూ గుంటూరు ప్యాసింజర్లో వెళుతుంటే, సంగం జాగర్లమూడిలో క్రాసింగు కోసం బండి ఆగింది. పట్టాల పక్క మళ్లలో ఆడవాళ్లు నాట్లు వేస్తూ పాడుతున్నారు. నా వరసే. మాటలు వాళ్లవి, మేస్త్రిని ఆటపట్టిస్తూ అల్లుకున్నవి. నేను పైకి తీసుకెళ్లిన చోట వాళ్లు కిందికి దించేస్తున్నారు. నాకు ప్రాణం పోయినట్టయింది. "చూడు నాన్నా, ఎలా పాడేస్తున్నారో!" అన్నాను. నాన్న కిటికీకి చెవి ఆనించి విన్నాడు. "నడుం వంచిన మనిషికి ఊపిరి అంత పైకి అందదమ్మా. వాళ్లకు అందేట్టు దిద్దుకున్నారు. ఇదే బాగుంది" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నాకొచ్చిన ఏడుపే నీకూ వచ్చింది చూశావా? రానీ. తప్పులేదు" అన్నాడు.

అన్నయ్య మద్రాసులో స్థిరపడి పెద్దవాళ్ల దగ్గర సహాయకుడిగా చేరాడు. డెబ్బైల చివర్లో హైదరాబాదులో టీవీ మొదలయ్యాక, పిల్లల నాటకమొకదానికి సంగీతం చెయ్యమని మా ఇద్దరికీ కబురొచ్చింది. వాద్యబృందంలో హార్మోనియం ఎవరని అడిగితే నాన్న తనంతట తానే, "నేనొస్తాను, ఎవరూ లేకపోతే" అన్నాడు. రికార్డింగు గదిలో వాద్యగాళ్ల మధ్య చాప మీద కూర్చుని, మమ్మల్ని సార్ అనీ మేడమ్ అనీ పిలవసాగాడు. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. మొదటి పాటలోనే చిక్కు వచ్చింది. పాడుతున్న పిల్ల గొంతు చిన్నది. నాన్న పాత అలవాటుకొద్దీ ప్రతి సందులోనూ స్వరాలు అల్లి ఒక సంగతి వేస్తున్నాడు. పిల్ల గొంతు ఆ సంగతుల కింద వినబడకుండా పోతోంది. అన్నయ్య నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. అంతమంది ముందు ఆయనకు ఎలా చెప్పను?

నాన్న తిత్తి మూసి, "మేడమ్, ఎక్కడో తేడా వస్తోంది. నాదేనా?" అన్నాడు.

"అవునండి" అన్నాను.

"ఏం చెయ్యమంటారు?"

"పాప పాడుతున్నంతసేపూ శ్రుతి ఒక్కటే ఇవ్వండి. సంగతులు వద్దండి."

ఆయన తలూపాడు. మళ్లీ పాట మొదలైంది. నాన్న ఒకే మెట్టు మీద వేలు పెట్టి, ఊపిరి పీల్చినంత మెత్తగా తిత్తి ఊదుతూ, ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. పిల్ల ధైర్యం తెచ్చుకుని పాడింది. ఎన్నో నాటకాలను ఒంటిచేత్తో మోసిన మనిషి ఒక్క స్వరం పట్టుకుని కూర్చోవడం చూస్తూ, పాట అయ్యేదాకా నేను కన్నీళ్లు ఆపుకున్నాను. బయటికొచ్చాక చెట్టు కింద టీ తాగుతూ నా భుజం తట్టాడు. "బాగా చెప్పావు. చెప్పకపోయుంటే నిన్ను క్షమించేవాణ్ని కాను" అన్నాడు.

నాన్న పోయి చాలా కాలమైంది. అన్నయ్య తన పిల్లలతో కలిసి ఇంకా పాటలు చేస్తూనే ఉన్నాడు. నేను తెనాలిలో పాఠాలు చెబుతున్నాను. క్రితం నెల ఒక పాటకు నేను కట్టిన వరసను ఒక పిల్ల పాడుతూ పాడుతూ చివర మార్చేసింది. తెలిసే మార్చింది, నా ముఖం చూసి భయపడింది. నాలో ఏదో చురుక్కుమంది. ఈ వయసులోనూ చురుక్కుమంటూనే ఉంటుంది, అది పోదు. మంచినీళ్లు తాగొస్తానని చెప్పి లోపలికెళ్లాను. వంటింట్లో కాసేపు ఊరికే నిలబడ్డాను. ఆ చురుకు తగ్గేదాకా నిలబడి, అప్పుడు ఆ పిల్ల మార్చిన వరసను మళ్లీ మనసులో విన్నాను. తిరిగొచ్చి హార్మోనియాన్ని దగ్గరికి జరుపుకున్నాను.

"నాదానికంటే నువ్వు కట్టిందే బాగుందమ్మా" అన్నాను. "నీ వరసే మళ్లీ పాడు. నేను శ్రుతి ఇస్తాను."